వలపటెద్దు: మట్టి బొమ్మ పని డైరీ

జనవరి 19

కనుమ వెళ్ళి మూడు రోజులైంది. ఈసారి మా కొట్టంలో ఒక్క ఎద్దుకే పసుపు కుంకుమ పెట్టాం. కాడికి కుడివైపు కట్టే వలపటెద్దు, మేం మైలోడు అని పిలుచుకునేది, కార్తీకంలో పోయింది. పదమూడేళ్ళు మా కాడి మోసింది. ముసలిదైందని బేరగాళ్ళు రెండుసార్లు వచ్చి అడిగినా నాయన ఇవ్వలేదు, పోయాక పోలేరమ్మ వేపచెట్టుకి ఇవతల మా చేని గట్టు మీదే గొయ్యి తీయించి పూడ్చాడు. ఎడమవైపు కట్టే దాపటెద్దు బుడ్డోడు ఉంది. అది ఇప్పటికీ గాటి దగ్గర తన సగంలోనే పడుకుంటోంది, రెండో సగం ఖాళీగా వదిలి.

నేను పదేళ్ళుగా బొమ్మలు చేస్తున్నాను. ఎక్కువగా సిమెంటు పని, గుళ్ళకి నందులు, గాలిగోపురం బొమ్మలు, ఊళ్ళో పెద్దవాళ్ళ విగ్రహాలు. మైలోడి బొమ్మ చెయ్యాలని అది పోయిన రోజే అనుకున్నాను, పెట్టే చోటు కూడా అప్పుడే తేలిపోయింది, ఆ వేపచెట్టు కిందే. ఏంతో చెయ్యాలన్నది మాత్రం ఇన్నాళ్ళూ తేలలేదు. సిమెంటుతో అయితే చువ్వలు కట్టి, కోళ్ళజాలీ చుట్టి, రెండు వారాల్లో నిలబెట్టగలను. చీమకుర్తి మాకు దగ్గరే కాబట్టి గ్రానైటు ముక్క ఇప్పిస్తామన్నవాళ్ళూ ఉన్నారు. గెలాక్సీ పేరుతో దేశదేశాలకి పోయే రాయి అది, నున్నగా పాలిష్ పట్టి నిలబెడితే చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ పాలలాంటి ఎద్దుని నల్లరాతిలో చెయ్యడానికి నాకు చేతులు రావు. మట్టితో చేస్తాను, కాల్చిన మట్టితో, అది దున్నిన చేని మట్టి కలిపి.

కొలత: నిజం ఎద్దులో మూడింట రెండొంతులు. మూపురం దగ్గర ఎత్తు 40 అంగుళాలు.

జనవరి 27

మట్టి పనితోనే మొదటి వారం అయిపోయింది. మాది నల్లరేగడి. శనగకి, పొగాక్కి బంగారం లాంటి నేల, బొమ్మకి మాత్రం మొండిది. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే అంతకంత ముడుచుకుపోతుంది, అందుకే ఎండాకాలం మా చేలో నెర్రెల్లోకి పలుగు దింపితే పిడి దాకా దిగిపోతుంది. గోడ మందం అంగుళం ఉన్న బొమ్మలో అదే నెర్రె వస్తే బొమ్మ రెండు ముక్కలు.

పక్క ఊళ్ళో కుమ్మరం ఇంకా వదలని పెద్దాయన ఒకరున్నారు. పెళ్ళిళ్ళకి అరివేణి కుండలు, ఎండాకాలం నీళ్ళ కుండలు, కార్తీకానికి ప్రమిదలు, ఇప్పుడు ఆయన చేసేది అంతే. బస్తాలో మట్టి తీసుకెళ్ళి చూపించాను. చిటికెడు నోట్లో వేసుకుని పంటి కింద నలిపి ఉమ్మేశారు. "చేలో పైరు పండిద్ది అబ్బాయ్, కుండ పండదు. దీంట్లో సున్నం కూడా ఉంది" అన్నారు. నిజమే, మా రేగడిలో అక్కడక్కడా సెనగ్గింజంత నుంచి గోలీ అంత దాకా తెల్లటి సున్నపు బెడ్డలు ఉంటాయి. "మా చేని మట్టి లేకుండా చెయ్యను తాతా" అన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి, తన మట్టి తెచ్చుకునే చెరువులో ఏ మూల తవ్వాలో చూపించడానికి నా బండెక్కారు.

రేగడి ఒక్కటే, చెరువు మట్టి ఒక్కటే, రెండూ కలిపి మూడు పాళ్ళలో, మొత్తం అయిదు రకాల బిళ్ళలు చేశాను, మైసూర్‌పాక్ ముక్క ఆకారంలో, ఇంకాస్త పొడవుగా. ప్రతి దాని మీదా తడిగా ఉన్నప్పుడే 10 సెంటీమీటర్ల గీత గీశాను. నీడలో ఆరుతున్నాయి.

ఫిబ్రవరి 6

బిళ్ళలు ఆరాయి. రేగడి ఒక్కటే వాడిన దాంట్లో గీత 8.6కి వచ్చింది, పైగా అడ్డంగా చీలింది. చెరువు మట్టి 9.3. రేగడి రెండు పాళ్ళు, చెరువు మట్టి నాలుగు, ఇసుక ఒకటి, జల్లించిన ఎండు పేడ ఒకటి, పాత పెంకుల పొడి ఒకటి, ఇది కూడా 9.3 దగ్గరే నిలిచింది, చీలిక లేదు, గోటితో గీకితే రాలడం లేదు. ఇదే ఖాయం. పేడ ఎందుకంటే కాల్చేటప్పుడు అది లోపల కాలిపోయి సన్నటి కంతలు వదులుతుంది, ఆవిరి వాటిగుండా బయటికి పోతుంది. పెంకుల పొడి ఒకసారి కాలిన మట్టే కాబట్టి ఇక ముడుచుకోదు, మిగతా మట్టిని పట్టి ఆపుతుంది.

లెక్క: నూటికి ఏడు పాళ్ళు తగ్గుతుంది కాబట్టి 40 అంగుళాలు రావాలంటే పచ్చిలో 43 కట్టాలి. ప్రతి కొలతా ఇలాగే పెంచి గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను.

మట్టి మొత్తం మూడు క్వింటాళ్ళు. నీళ్ళలో కలిపి పల్చగా చేసి బట్టలో వడగట్టమన్నారు తాత. ఆయన కుండలకి ఎప్పుడూ అలాగే చేస్తారు. మూడు క్వింటాళ్ళు బట్టలో పొయ్యాలంటే వారం పట్టేట్టుంది, అందుకని ఎండబెట్టి కొట్టి ఇసుక జల్లెడలో పట్టాను. నానబెట్టి, నేనూ మా బాబాయి కొడుకూ రెండు రోజులు కాళ్ళతో తొక్కాం. దుక్కి మొదలుపెట్టే ముందు నాయన వంగి మట్టిని తాకి కళ్ళకద్దుకుంటాడు, చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. తొక్కుడు మొదలుపెట్టబోతూ నేనూ అదే చేశాను. పాదం పెట్టే మట్టి కదా, అలా చెయ్యకపోతే మనసు ఒప్పుకోలేదు.

ఫిబ్రవరి 15

ఇవాళంతా బుడ్డోడి దగ్గరే. మైలోడి ఫోటోలు ఉన్నాయి కానీ ఫోటోలో మెడ మందం తెలియదు. ఇద్దరూ ఒకే ఈడు, ఇంచుమించు ఒకే పొడవు, కాబట్టి బుడ్డోణ్ణి కొలిచి మైలోడికి సరిచేసుకోవాలి. టేపు పెడితే చర్మం అదిరిస్తోంది, దర్జీలాగా పలుపుతాడుతో కొలిచి ముళ్ళు వేసుకున్నాను. నాయన గంగడోలు నిమురుతూ నిలబడ్డాడు.

పదేళ్ళు నందులు చేసిన నాకు ఇవాళ తెలిసిన సంగతి ఒకటి రాసుకోవాలి. నేను చేసే నందికి కుడి ఎడమలు ఒకటే. మధ్యలో గీత గీసి ఒక పక్క చేస్తే రెండో పక్క దానికి అద్దం. కాడి కట్టిన ఎద్దుకి అలా కాదు. బుడ్డోడు దాపట కట్టింది, అంటే జోడు ఎద్దు ఎప్పుడూ దాని కుడిపక్కన ఉంటుంది. పదమూడేళ్ళు ఆ పక్కకి ఒదిగి నడిచి, ఇప్పుడు కాడి లేకుండా ఊరికే నిలబడ్డా దాని మెడ కుడికి కొంచెం వాలుతుంది. కుడి భుజం కండ ఎడమ దానికన్నా పల్చన. మూపురానికి ముందు, కాడి ఆనే చోట చర్మం అరచేతి వెడల్పున బిరుసుగా నల్లబడి ఉంది, వెంట్రుక మొలవదు. వేలితో నొక్కితే పాత చెప్పు అట్టలా గట్టిగా ఉంది, దాని అంచులు మాత్రం మెత్తగా లోపలికి ముడతపడి ఉన్నాయి, ఆ ముడతలో దుమ్ము పేరుకుని ఉంది. వేలితో తుడిస్తే బుడ్డోడు కళ్ళు సగం మూసింది.

మైలోడు వలపటది కాబట్టి అన్నీ తారుమారు. మెడ ఎడమకి వాలాలి. నాయన్ని అడిగితే "ఎడమకే. కట్టు విప్పినా దాని చూపు బుడ్డోడి మీదే ఉండేదిగా" అన్నాడు.

ఫిబ్రవరి 24

పని మొదలైంది. బొమ్మ మూడు ముక్కలుగా: కాళ్ళూ పొట్టా ఒకటి, వెన్నూ మూపురం ఒకటి, మెడా తలా ఒకటి. కుండ మీద మూత కూర్చున్నట్టు ఒకదాని అంచు మీద ఒకటి కూర్చోవాలి. మొత్తం ఒకే ముక్కగా చేస్తే పచ్చిది జరపలేను, ఆవంలో, అంటే కాల్చే బట్టీలో, తిప్పలేను.

గుళ్ళో నంది ఎందుకు కూర్చుని ఉంటుందో కాళ్ళు కట్టేటప్పుడు బాగా తెలుస్తుంది. లేపాక్షి నంది 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, ఒకే రాయి, ఆ బరువంతా నేల మీదే ఆనుకుని ఉంది. నేను చిన్నప్పుడు వెళ్ళినప్పుడు దాని మెడలో గంటల పట్టెడ చూస్తూ అక్కడే గంట సేపు నిలబడిపోయాను. నిలబడ్డ ఎద్దు బరువు నాలుగు గిట్టల మీదే. పచ్చి మట్టి తన బరువుకి తానే కుంగుతుంది. అందుకే కాళ్ళు నాలుగు కుండల్లా బోలుగా, మట్టి తాళ్ళు చుట్టి చుట్టి లేపాను, లోపల ఒక చేత్తో గుండ్రాయి పట్టుకుని బయట చెక్కతో కొడుతూ. రోజుకి నాలుగు అంగుళాలకి మించి లేపకూడదు. కింది వరస గట్టిపడ్డాకే పైది. కంగారుపడి రెండో రోజు ఏడు అంగుళాలు లేపాను, వెనక కుడికాలు మోకాలి దగ్గర ఉబ్బింది. కోసేసి మళ్ళీ మొదలు.

ముందు కాళ్ళు రెండూ సమంగా పెట్టలేదు. మైలోడు నిలబడితే కుడి ముందుకాలు అరఅడుగు ముందుకి ఉండేది.

మార్చి 5

పొట్ట పూర్తయింది. లోపల కొబ్బరాకుల చుట్టలు కుక్కి, వాటి మీద మట్టి పరిచాను, గట్టిపడ్డాక లాగేశాను. గోడ ఎక్కడ చూసినా అంగుళానికి అటూ ఇటూగా ఉండేట్టు తీగ గుచ్చి చూస్తున్నాను, ఒకచోట లావూ ఒకచోట పల్చనా ఉంటే లావుది ఆలస్యంగా ఆరి పల్చని చోటుని చీలుస్తుంది. డొక్కల దగ్గర పక్కటెముకలు మూడు కొద్దిగా కనబడనిచ్చాను. ముసలి ఎద్దు కదా.

మార్చి 13

మూపురం గురించి ఈ వారం ఊరంతా మాట్లాడింది.

వెన్ను ముక్క మీద మూపురం లేపుతుండగా వచ్చిన ప్రతివాళ్ళూ అన్నది ఒకటే, చిన్నదైంది, పెంచు. బండలాగుడుకి ఎడ్లు తోలే మా అన్న వరసాయన అయితే ఫోన్‌లో ఫోటో తెచ్చి చూపించాడు, బ్రెజిల్లో వియాటినా-19 అనే ఆవుది. మన జాతే, అక్కడ నెల్లూరు పేరుతో నెలోర్ అంటారు. బరువు 1,101 కిలోలు, 2023 వేలంలో దానికి 40 లక్షల డాలర్లకి పైగా విలువ కట్టారు. "మన ఒంగోలు రక్తంరా, దీని ఠీవి చూడు, ఇట్టా ఉండాల బొమ్మంటే" అన్నాడు. చూశాను. నిజంగానే గొప్పగా ఉంది, ఒళ్ళంతా నిండుగా, వెన్ను బల్లపరుపుగా. ఇక్కడికి దగ్గర్లోని కరవది నుంచి 1960ల మొదట్లో వెళ్ళిన ఆబోతు అక్కడ ఆ ఊరి పేరుతోనే, కర్వాది అని పేరుమోసింది, ఆ సంగతి తల్చుకుంటే నాకూ గర్వమే. కానీ అక్కడ వేల ఎకరాల పచ్చిక బీళ్ళలో దాన్ని మాంసం కోసం పెంచుతారు. దాని మెడ మీద కాడి పడదు, అది నాగలి లాగదు.

ఒంగోలు జాతి అనగానే మన కళ్ళ ముందు నిలబడేది గిత్త. 2002లో హైదరాబాద్ జాతీయ క్రీడలకి మస్కట్‌గా పెట్టిన వీర కూడా గిత్తే, రొమ్ము విరుచుకుని. పాల పళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని పళ్ళని బట్టి విభాగాలు పెట్టి బండ లాగించే పందేల్లో మనం చూసేదీ మంచి వయసులో ఉన్న ఒళ్ళే. విత్తు కొట్టించి సేద్యానికి కట్టిన ఎద్దుకి అంత మూపురం రాదు. ఆబోతుకి మూపురం ఒక పక్కకి ఒరిగేంత పెరుగుతుంది, ఎద్దుకి కురచగా, గట్టిగా, కాడిని వెనక్కి జారకుండా ఆపడానికి ఎంత కావాలో అంతే ఉన్నట్టు ఉంటుంది. మైలోడిది అంతే. పదమూడేళ్ళు మా ఇంటికి తిండి పెట్టింది ఆ మూపురమే, దాన్ని పెంచి చూపిస్తే అది ఇంకో పశువు అవుతుంది.

సాయంత్రం నాయన వచ్చి వెన్ను ముక్క చుట్టూ తిరిగి, అరచెయ్యి మూపురం ముందు పెట్టి చూశాడు, కాడి పెట్టేటప్పుడు పెట్టినట్టు. "ఒక వేలు తగ్గించు" అన్నాడు. ఇంకా తగ్గించాను.

మార్చి 22

తల. పది రోజులు పట్టింది, రెండుసార్లు పిసికేసి మళ్ళీ చేశాను.

మొదటిసారి కళ్ళు పెద్దవైపోయాయి, నందులు చేసిన అలవాటు చేతుల్లో ఉంది. ఎద్దు కన్ను ముందు నుంచి చూస్తే చిన్నదే, పైన ఎముక గట్టు నీడ పడి సగం లోపల ఉంటుంది. రెండోసారి కొమ్ములు. మా జాతికి కొమ్ములు పొట్టివి, మొదట్లో లావు, బయటికీ వెనక్కీ పోయి మొండిగా ఆగిపోతాయి. మైలోడి ఎడమ కొమ్ము కొస బండి కూసానికి కొట్టుకుని చితికింది, అలాగే పెట్టాను. చెవులు విడిగా చేసి అతికించాను.

ముక్కుతాడు మట్టితో చెయ్యలేదు. రంధ్రం వదిలాను, నిజం తాడు కడతాను, నాయన పేనిన జనపనార తాడు. ముక్కు రంధ్రాలు రెండూ లోపలి బోలులోకి తెరిచే ఉంచాను, తోక కింద ఒకటి, పొట్ట కింద రెండు. ఆవిరి వాటిలోంచి రావాలి.

మెడకి కాడి మచ్చ పెట్టడం అన్నిటికన్నా కష్టమైంది. చుట్టూ ఉన్న మెడని తడిగుడ్డతో నున్నగా తుడిచి, ఆ అరచేతి మేర మాత్రం గులకరాయితో రోజుకి రెండుసార్లు, ఆరేకొద్దీ, మూడు రోజులు రుద్దాను. ఇప్పుడు అక్కడ మెరుపుంది, వెలుగు పక్క నుంచి పడితే కనబడుతుంది, ఎదురుగా చూస్తే తెలియదు.

ఏప్రిల్ 10

ఆరబెట్టడం తప్ప పని లేదు. గోనెపట్టాలు కప్పి, రోజుకి కాసేపు తీసి, మళ్ళీ కప్పి. గాలి ఒకవైపు నుంచే కొడితే ఆ వైపు ముందు ఆరి వంగిపోతుంది కాబట్టి రోజూ పావు వంతు తిప్పుతున్నాం. ముందు ఎడమకాలు పొట్టని కలిసే చోట వెంట్రుకంత పగులు వచ్చింది. తడిపి పూడిస్తే మళ్ళీ అక్కడే తెరుచుకుంటుంది. తాత చెప్పినట్టు అదే మట్టి ఎండుపొడిని వెనిగర్‌లో పేస్టులా కలిపి పగుల్లోకి నొక్కి, పైన గులకరాయితో రుద్దాను. వారమైంది, తెరుచుకోలేదు.

బుడ్డోడు రోజూ కట్టుగొయ్య నుంచి విప్పగానే పందిరి కిందికి వచ్చి ఈ ముక్కల్ని వాసన చూసి పోతోంది. మొన్న వెన్ను ముక్కని నాకింది. నాలుక గీత అలాగే పడింది. రెండో రోజు గులకరాయి తీసుకుని దాన్ని చెరపడానికి కూర్చున్నాను, చెరపలేదు.

ఏప్రిల్ 27

కాల్పు.

పిడకలు 600, వరిగడ్డి రెండు బండ్లు, ఊక 12 బస్తాలు, అడుగున వెయ్యడానికి కంపచెట్టు కట్టెలు. పొలం చివర గాలికి అడ్డంగా ఉన్న పల్లంలో ఆవం. తాత పొద్దున్నే వచ్చారు. అమ్మ వేపమండలు, పసుపు కుంకుమ తెచ్చింది, తాత ఆవానికి దణ్ణం పెట్టి కొబ్బరికాయ కొట్టారు, "తల్లీ, నీ దగ్గరికి వచ్చేదే, చూసుకో" అని పోలేరమ్మ చెట్టు వైపు తిరిగి అన్నారు. ఆ మాట అన్నాక ఆయన ముఖంలో టెన్షన్ పోయింది, నాకు పోలేదు.

సాయంత్రం నాలుగింటికి పొగ పెట్టాం, మంట కాదు, పొగే. పైకి ఎంత ఎండినా మట్టిలో నీరు ఉంటుంది, ఒక్కసారి వేడి తగిలితే అది ఆవిరై గోడని పేల్చేస్తుంది. అందుకని పిడకలు ఒక్కొక్కటే దూరం నుంచి రాజేసి దగ్గరికి జరుపుతూ వచ్చాం. నీరు పోయిందో లేదో తెలుసుకోవడానికి తాత దగ్గర ఒక ఉపాయం ఉంది. స్టీలు పళ్ళెం చల్లటి నీళ్ళలో ముంచి తుడిచి, బొమ్మ కంత దగ్గర పట్టుకోవాలి. పళ్ళెం మసకబారితే లోపల ఇంకా తడి ఉంది. నేను కర్రకి పళ్ళెం కట్టి మైలోడి ముక్కు దగ్గర పెట్టాను. పళ్ళెం మీద రెండు గుండ్రటి మసకలు పడ్డాయి, పక్కపక్కన, రెండు ముక్కు రంధ్రాలకీ రెండు. పళ్ళెం నాయనకి అందించాను. ఆయన దీపం వెలుగులో అవి ఆరిపోయేదాకా చూసి, తుడిచి, "ఇంకోసారి పెట్టు" అన్నాడు. అలా పది దాకా పెడుతూనే ఉన్నాం. పదిన్నరకి పళ్ళెం మసకబారలేదు.

అప్పుడు కప్పేశాం. చుట్టూ పిడకలు గోడలా పేర్చి, మధ్యలో ఊక పోసి, పైన గడ్డి, గడ్డి మీద బురద మెత్తి, అక్కడక్కడా గాలికి కన్నాలు వదిలాం. పదకొండుకి నాలుగు మూలలా నిప్పు. తెల్లవారుజామున మూడింటికి కన్నంలోంచి చూస్తే లోపల నారింజ రంగు, కట్టెలకీ బొమ్మకీ తేడా తెలియనంతగా. "ఇప్పుడు మట్టి మళ్ళీ మట్టి కాదు" అన్నారు తాత. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, ఎర్రగా కాగిన మట్టిలోంచి పోయే నీరు ఇక తిరిగి రాదు, ఆ తర్వాత దాన్ని ఎన్నేళ్ళు నీళ్ళలో నానబెట్టినా కరగదు. ఆ వేడిలో నాకు చలి పుట్టింది, నిద్రలేక అనుకుంటాను.

ఏప్రిల్ 30

రెండు పగళ్ళూ రెండు రాత్రులూ చల్లారనిచ్చాం. బూడిద తీస్తుంటే ముందు మూపురం కనబడింది.

మూడు ముక్కలూ నిలిచాయి. ఎర్రటి ఎరుపు, గాలి బాగా తగిలిన కుడి డొక్క అంతా ఇటుక రంగు, ఊక కిందపడి గాలాడని ఎడమ పక్కన పొగ పట్టి నలుపు, గంగడోలు దగ్గర రెండూ కలిసి ఊదారంగు. వేలితో కొడితే కంచు మోత కాదు గానీ కుండ మోత వచ్చింది. చెవి ఒకటి ఊడింది, అతికించొచ్చు.

తాత వెంటనే నీళ్ళలో ముంచమన్నారు. మట్టిలో సున్నపు బెడ్డలు ఉంటే కాలి పొడిసున్నం అవుతాయి, తర్వాత గాల్లో తేమ పీల్చుకుంటూ నెమ్మదిగా ఉబ్బి పైన ఉన్న మట్టిని ఎగరగొడతాయి, ఒకేసారి నిండా తడిపేస్తే మెత్తగా చితికి ఊరుకుంటాయి. తలనీ, వెన్నునీ ఎడ్లు నీళ్ళు తాగే గాబులో ఒకదాని తర్వాత ఒకటి రాత్రంతా ముంచి ఉంచాం. కాళ్ళ ముక్క గాబులో పట్టలేదు. బిందెలతో పైన నీళ్ళు పోశాం, అప్పటికి అదే చాలనుకున్నాను.

మే 8

చాలలేదు. వారం తిరిగేసరికి కాళ్ళ ముక్క మీద, ఎక్కువగా కుడి డొక్క మీద, రూపాయి బిళ్ళంత పెచ్చులు ఊడుతున్నాయి. ఊడిన ప్రతిచోటా గుంట అడుగున తెల్లటి చుక్క. ఇవాళ్టికి 23. రాత్రి పందిరి కింద పడుకుంటే టిక్కుమని చిన్న చప్పుడు, పొద్దున్నే కింద ఇంకో పెచ్చు. తలకీ వెన్నుకీ కలిపి రెండే.

తప్పు జల్లెడ దగ్గరే జరిగింది. బట్టలో వడగట్టి ఉంటే ఆ బెడ్డలు పైనే ఆగేవి. వారం ఆదా చేద్దామనుకున్నాను, మూడు నెలల పని మీద మచ్చలు పడ్డాయి. ఆవంలో ఇంకేం తప్పు జరగలేదు, చెయ్యి తిరిగిన మనిషి చెప్పిన మాట విన్న ప్రతిచోటా పని నిలిచింది.

తాతకి చూపించడానికి మొహం చెల్లక మూడు రోజులు ఆగాను. ఆయన వచ్చి, కూర్చుని, ఒక్కో గుంటనీ గోటితో గీకి చూసి, "సున్నం మీ చేనుదే. చేని మట్టి కావాలన్నావు, వచ్చింది" అన్నారు, ప్రేమగానే. తర్వాత పని చెప్పారు.

మే 19

కాళ్ళ ముక్క పట్టేంత గొయ్యి తవ్వి, పట్టా పరిచి, నీళ్ళు నింపి, నలుగురం గోనెపట్టాలో పట్టుకుని దింపాం. మూడు రోజులు ఉంచాం. తీశాక ఇంకో ఆరు ఊడాయి, తర్వాత ఆగింది. పది రోజులుగా కొత్తది లేదు అని రాయాలని ఉంది కానీ ఆరే రోజులైంది, ఇంకా చూడాలి.

గుంటల్లో తెల్లది మొత్తం మేకుతో తీసి, ఊడిన పెచ్చుల్నే పొడి చేసి ఎరాల్డైట్‌లో కలిపి నింపుతున్నాను. కాలి మీదవీ, అంచుల మీదవీ తప్పనిసరి, అక్కడ నీళ్ళు నిలిచి బలం పోతుంది. డొక్క మీద పైపైన ఉన్న వాటిని సున్నం తీసేసి వదిలేశాను. ఎరాల్డైట్ పెట్టిన చోట రంగు వేరుగా తెలుస్తోంది, గుంటగా వదిలిన చోట కాలిన మట్టే కనబడుతోంది, నాకు రెండోదే నచ్చింది.

జూన్ 12

ఏరువాక పున్నానికి పెట్టేశాం. వేపచెట్టు కింద అడుగు ఎత్తు రాతిదిమ్మె కట్టాం, కాళ్ళ ముక్క, దాని మీద వెన్ను, మెడ. అతుకుల్లో సున్నం, ఇటుకపొడి, బెల్లం నీళ్ళు కలిపిన గచ్చు. ఎత్తు కొలిస్తే 39 అంగుళాల ముప్పావు. అమ్మ కొమ్ములకి పసుపు రాసింది. నాయన తాను పేనిన ముక్కుతాడు ఎక్కించి, కొసని దేనికీ కట్టకుండా మెడ మీదికి వేశాడు.

ఎటు తిప్పాలన్నది చివరి దాకా వాదనే. నందిలాగా అమ్మవారి వైపు ఉండాలని కొందరు అన్నారు, గుళ్ళో అయితే నంది కొమ్ముల మధ్య నుంచే దేవుణ్ణి చూస్తాం కదా అని. నాయన మాత్రం చేని వైపు అన్నాడు, అమ్మవారు వెనకుండి చూసుకుంటుంది అన్నాడు. పూజారి సరేనన్నాడు. చేని వైపే ఉంది. మెడ ఎడమకి వాలి ఉంది కాబట్టి చూపు నేరుగా చేలోకి పోదు, కొంచెం పక్కకి పోతుంది.

ఆ పక్కన ఏముందని అందరూ అడుగుతున్నారు, దిమ్మె అంత వెడల్పు కట్టి బొమ్మని కుడి చివర ఎందుకు పెట్టావని. ఎడమ సగం బుడ్డోడిది. బుడ్డోడు నిక్షేపంగా ఉంది, ఇవాళ కూడా కొమ్ములకి రంగు వేయించుకుని వచ్చి దిమ్మె పక్కన నిలబడి గడ్డి మేసింది, దాని బొమ్మ దాన్ని చూస్తూనే చేస్తాను. వానలు పడ్డాక మట్టి తవ్వడం కుదరదు కాబట్టి నిన్ననే రెండు క్వింటాళ్ళ రేగడి ఇంటికి చేర్చాను. తాత పాత పంచెలు నాలుగు ఇచ్చారు, వడగట్టడానికి. ఇవాళ సాయంత్రానికి నాలుగు బిందెలు వడిశాయి. మొదటి పంచె మీద మిగిలిన సున్నపు బెడ్డలు ఏరి దోసిట్లో పోస్తే దోసిలి నిండింది.